ఇంటి సబ్బుకు ఏ సువాసన కొనాలి? నిజామాబాద్, బోధన్ గిరాకీకి సరిపోయేవి, తక్కువ పైసల్లో వచ్చేవి

ఇంట్లో సబ్బులు చేయడం మొదలుపెట్టిన ఆడవాళ్లకు ముందుగా పైసలు పోయేది సబ్బు బేస్ మీద కాదు, సీసాల మీద. గులాబ్ ఒకటి, సందల్ ఒకటి, మోగ్రా ఒకటి, పక్కనే లావెండర్, స్ట్రాబెర్రీ, చాక్లెట్ అంటూ పది మిల్లీలీటర్ల చిన్న సీసాలు డజను కొంటారు. రెండు నెలలు తిరిగేసరికి ఇరుగుపొరుగు అడిగేది అందులో రెండు మూడు రకాలే అని తేలుతుంది. మిగతా సీసాలు అల్మారాలో ఎండిపోతాయి. పెట్టిన మూడు వేలలో వెయ్యి అక్కడే ఆగిపోతుంది.

ఈ ప్రాంతంలో ఆ వెయ్యి చిన్న మొత్తం కాదు. నిజామాబాద్‌లో ఎన్నో ఇళ్లు బీడీలు చుట్టే చేతుల మీద నడుస్తాయి. బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం కాలంలో పెట్టిన చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. దాని మీద ఆధారపడ్డ కుటుంబాలు వేరే దారులు చూసుకోవాల్సి వచ్చింది. చాలా ఇళ్లలో మగవాళ్లు గల్ఫ్‌లో ఉంటారు, ఇంటి ఖర్చు ఆడవాళ్లు చూసుకుంటారు. వంటింటి గట్టు మీద ఒక పొయ్యి, ఒక త్రాసు, నాలుగు అచ్చులతో అయ్యే పని కాబట్టి సబ్బు వైపు చూస్తున్నవాళ్లు కొందరున్నారు. అయితే లాభం మిగిలేదీ మిగలనిదీ ఎక్కువగా సువాసన దగ్గరే తేలుతుంది.

సీసా ధర కాదు, సబ్బు ధర చూడాలి

దుకాణంలో పది మిల్లీలీటర్ల సీసా వంద రూపాయలంటే చవకే అనిపిస్తుంది. లెక్క వేస్తే విషయం వేరు. కరిగించి పోసే గ్లిజరిన్ బేస్‌లో సువాసన మామూలుగా ఒకటి నుంచి రెండు శాతం వేస్తారు. రెండు శాతం అనుకుంటే 100 గ్రాముల సబ్బుకు 2 గ్రాములు. పది మిల్లీలీటర్ల సీసాలో ఉండేది దాదాపు 10 గ్రాములే కాబట్టి అయిదు సబ్బులకు అయిపోతుంది. అంటే ఒక్కో సబ్బుకు సువాసన ఖర్చే 20 రూపాయలు. అదే రకం కిలో 2,000 రూపాయల లెక్కన దొరికితే 2 గ్రాములకు 4 రూపాయలు.

బేస్ కిలో 200 రూపాయలు అనుకుందాం. పది సబ్బులు వస్తాయి, సబ్బుకు 20 రూపాయలు. కవరు, లేబులు మూడు రూపాయలు. చిన్న సీసాతో చేస్తే సబ్బు 43 రూపాయలకు తయారవుతుంది, కిలో ధరతో చేస్తే 27కు. 50 రూపాయలకు అమ్మితే మొదటి దారిలో మిగిలేది 7, రెండో దారిలో 23. ఈ ధరలు ఉదాహరణకు చెప్పినవే, కొన్న చోటును బట్టి మారతాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం మారదు.

అలాగని ఒకేసారి కిలో కొనాల్సిన పని లేదు. అయిదు కిలోల బేస్‌కు, అంటే యాభై సబ్బులకు, రెండు శాతం చొప్పున కావలసింది మొత్తం 100 గ్రాములే. ఒక రకం 100 గ్రాములు, ఇంకో రెండు రకాలు 50 గ్రాముల చొప్పున తీసుకుంటే నూరు సబ్బుల దాకా లాగవచ్చు. ఇద్దరు ముగ్గురు కలిసి అరకిలో తెప్పించుకుని పంచుకుంటే ధర ఇంకా దిగుతుంది. నిజామాబాద్‌లో దొరకని రకాలకు హైదరాబాద్ బేగంబజార్ వెళ్లేవాళ్లు ఎలాగూ ఉంటారు, వాళ్లతో తెప్పించుకుంటే చార్జీలు కూడా మిగులుతాయి.

ఒక వస్తువు మీద మాత్రం పిసినారితనం పనికిరాదు. గ్రాములో పదో వంతు చూపించే చిన్న డిజిటల్ త్రాసు కొనాలి. చుక్కల లెక్క, మూత లెక్క, చెంచా లెక్క నమ్మితే ఒకసారి వాసన రాదు, ఇంకోసారి ఒళ్లు మండుతుంది.

బజారులో జాగ్రత్త పడాల్సిన చోటు

సువాసన నూనెల్లో సబ్బుకు వేసేది వేరు, అగర్‌బత్తీకి వేసేది వేరు, ఫినాయిల్‌కు వేసేది వేరు, కొవ్వొత్తికి వేసేది వేరు. వాసన చూస్తే నాలుగూ గులాబే. ధర చూస్తే చాలాసార్లు అగర్‌బత్తీ, ఫినాయిల్ రకాలే తక్కువ. కానీ అవి ఒంటికి తగిలేలా తయారు చేసినవి కావు. దురద, దద్దు, మంట వస్తే నష్టపోయేది సబ్బు వాడిన పక్కింటి పాప, పేరు పోయేది సబ్బు చేసిన ఇల్లు.

దుకాణంలో ‘సబ్బుకు, కాస్మెటిక్ గ్రేడ్’ అని స్పష్టంగా అడగండి. కాస్త పెద్ద వ్యాపారులైతే ఇఫ్రా సర్టిఫికెట్ ఇస్తారు. ఇఫ్రా అంటే 1973లో ఏర్పడిన అంతర్జాతీయ సువాసనల సంస్థ. ఏ రకం వస్తువులో ఒక సువాసనను ఎంత శాతం దాకా వేయవచ్చో ఆ కాగితంలో రాసి ఉంటుంది. సబ్బులు అందులో తొమ్మిదో వర్గంలోకి వస్తాయి. కాగితం లేదు, లేబులు లేదు, పెద్ద డబ్బాలోంచి వంచి ఇస్తాం అన్నచోట కొనకపోవడమే మంచిది.

అత్తరు సీసాను సబ్బులో వేద్దామని కొందరు అనుకుంటారు. అది వృథా ఖర్చు. పన్నెండు మిల్లీలీటర్ల అత్తరు గట్టిగా ఆరు సబ్బులకు సరిపోతుంది. ఇప్పుడు బజారులో తక్కువ ధరకు దొరికే అత్తరులో చాలావరకు పారఫిన్ లాంటి నూనె కలిపి ఉంటుంది. అది సబ్బులో సువాసన పెంచదు, జిడ్డు మాత్రం పెంచుతుంది. స్ప్రే సెంట్లు అసలే వద్దు. వాటిలో ఉండే స్పిరిట్ వేడి బేస్‌లో పడగానే ఎగిరిపోతుంది, పొయ్యి దగ్గర మంట అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

ఇక్కడ ఏది నడుస్తుంది?

సందల్‌తో మొదలుపెట్టాలి. మన వైపు ‘మంచి సబ్బు’ అనగానే ముక్కుకు గుర్తొచ్చేది చందనమే. 1916లో మైసూరులో చందన తైలం ఫ్యాక్టరీ పెట్టారు, ఆ తైలంతోనే మైసూర్ శాండల్ సబ్బు వచ్చింది. 1985లో వచ్చిన సంతూర్ పసుపు, చందనం అంటూ తెలుగు ఇళ్లలో పాతుకుపోయింది. అసలు చందన తైలం కిలో లక్ష రూపాయల పైమాటే కాబట్టి యాభై రూపాయల చేతి సబ్బులో అది ఉండే ప్రసక్తే లేదు. వేసేది తయారు చేసిన చందన సువాసన. అందులో తప్పేమీ లేదు, చెప్పి అమ్మితే చాలు. సందల్‌లో ఉన్న గొప్ప లాభం ఏమిటంటే అది బరువైన వాసన. నెలల తరబడి సబ్బులో నిలుస్తుంది, ఒకటిన్నర శాతం వేసినా సరిపోతుంది. తక్కువ పైసలతో మొదలుపెట్టేవాళ్లు ఒకే ఒక్క సువాసన కొనాల్సి వస్తే ఇదే కొనాలి.

సందల్‌తో పాటు పసుపు వేయాలని ఇక్కడ అందరికీ అనిపిస్తుంది. నిజామాబాద్ పసుపు మార్కెట్ పక్కనే ఉండి పసుపు వేయకపోతే ఎలా? వేయండి, కానీ రంగు కోసం మాత్రమే. పసుపు వాసన సబ్బులో నిలవదు. కాస్టిక్‌తో చేసే సబ్బులో పసుపు ముందు ఎర్రబారుతుంది, తర్వాత మెల్లగా దిగుతుంది. ఎండ తగిలితే రంగు వెలిసిపోతుంది. కిలోకు అర చెంచా దాటితే తువ్వాళ్లకు మరకలు పడతాయి.

గులాబ్‌కు గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. రంజాన్, ఈద్, షాదీ కానుకలకైతే మరీనూ. అసలు గులాబీ నూనె ధర కిలో లక్షల్లో ఉంటుంది, దాని జోలికి పోలేం. ఇక్కడ ఒక పాత ఉపాయం పనికొస్తుంది. దక్కన్ మెట్టల్లో, మధ్య భారతంలో పెరిగే రోషా గడ్డి నుంచి తీసే నూనెను పామరోసా అంటారు. గులాబీకి ఆ తీపి వాసన ఇచ్చే జెరానియాల్ అనే పదార్థమే ఈ గడ్డి నూనెలో ఎక్కువ భాగం. ఒకప్పుడు ఈ నూనె బొంబాయి రేవు నుంచి టర్కీ దాకా వెళ్లి అక్కడి గులాబీ అత్తరులో కలిసేది. కల్తీకి వాడిన సరుకే అయినా మన సబ్బుకు అది వరం. తయారు చేసిన గులాబ్ సువాసన మూడు పాళ్లు, పామరోసా ఒక పాలు కలిపితే చవక గులాబ్‌లో ఉండే మిఠాయి వాసన తగ్గి, పచ్చిపువ్వు దగ్గరికి వస్తుంది. లక్నోలోని సీమ్యాప్ సంస్థ ఇలాంటి సుగంధ గడ్డి రకాల మీదే పరిశోధన చేస్తుంది. దాని కేంద్రం ఒకటి హైదరాబాద్ బోడుప్పల్‌లో ఉంది. పొలం ఉన్నవాళ్లు గడ్డి సాగు గురించి అక్కడ అడిగి తెలుసుకోవచ్చు.

గులాబీ రేకలు సబ్బులో వేస్తే వారంలో గోధుమ రంగుకు తిరిగి, చచ్చిన పురుగుల్లా కనిపిస్తాయి. రోజ్‌వాటర్ వేస్తే వాసన రాదు, గ్లిజరిన్ బేస్ మెత్తబడుతుంది. రెండూ అనవసరం.

మూడోది నిమ్మగడ్డి. దీన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు గానీ, ధరకు తగ్గ విలువ ఇచ్చే సహజ నూనెల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. నిమ్మకాయ తొక్క నుంచి తీసే నూనె కాస్టిక్ సబ్బులో కొద్ది వారాలకే ఎగిరిపోతుంది. నిమ్మగడ్డి నూనె అదే పులుపు వాసనతో అంతకంటే చాలా ఎక్కువ కాలం ఉంటుంది. దాని అడుక్కి కొద్దిగా వట్టివేళ్ల నూనె గానీ పచోలీ గానీ చుక్క తగిలిస్తే ఇంకా పట్టి ఉంచుతుంది. బీడీలు చుట్టేవాళ్ల వేళ్లకు పట్టిన పొగాకు వాసన మీద, వంటింట్లో ఉల్లి, చేపల వాసన మీద ఈ సబ్బు బాగా పనిచేస్తుంది. వేప సబ్బు చేసేవాళ్లకు వేప నూనె కంపును కప్పడానికి కూడా ఇదే ఆధారం. ఒక శాతం దాటించకండి, ఎక్కువైతే చర్మం చురుక్కుమంటుంది.

సందల్, గులాబ్, నిమ్మగడ్డి. మొదటి ఆరు నెలలు ఈ మూడింటితో నడిపించవచ్చు. సందల్‌లో గులాబ్ కలిపితే నాలుగో రకం, సందల్‌లో నిమ్మగడ్డి కలిపితే అయిదో రకం. అత్తరు చేసేవాళ్లు మజ్మువా కట్టేది ఈ పద్ధతిలోనే కదా, ఉన్నవాటిని కలిపి కొత్తది తేవడం.

మిగతావాటి మాట క్లుప్తంగా. మల్లె, మోగ్రా ఇష్టపడేవాళ్లు ఉన్నారు, కానీ అది ఒక శాతం దాటితే తలనొప్పి తెప్పిస్తుంది, తెల్ల సబ్బును పసుపు, గోధుమ రంగులకు తిప్పుతుంది. ఖస్ వేసవి సరుకు. ఏప్రిల్, మే నెలల్లో కూలర్ తడికల వాసన గుర్తు తెచ్చే పచ్చ సబ్బు అమ్ముడవుతుంది, తర్వాత అడగరు. కేవడా అంటే మొగలిపువ్వు, వాసన గొప్పదే, కానీ మన ఇళ్లలో అది బిర్యానీ వాసన. స్నానాల గదిలో దమ్ గుర్తొస్తే కొనేవాళ్లు నవ్వుతారు. వెనీలా, చాక్లెట్ రకాల్లో ఉండే వెనిలిన్ వల్ల సబ్బు నల్లబడుతుంది.

ఊద్ గురించి మాత్రం ఆగి ఆలోచించాలి. కుర్రాళ్లు అడుగుతారు, షాదీ కానుకకు పేరు కూడా బాగుంటుంది. కానీ గల్ఫ్ నుంచి వచ్చిన బుఖూర్, ఊద్ ఈ ప్రాంతంలో చాలా ఇళ్లలో అల్మారాలో ఉంది. కొనేవాళ్లకు అసలు వాసన తెలుసు. సందల్, గులాబ్ సబ్బులను వాళ్లు ఇంకో సబ్బుతో పోల్చుతారు, ఊద్ సబ్బును దుబాయ్ సీసాతో పోల్చుతారు. చవక ఊద్ ఆ పోటీలో ఆసుపత్రి వాసనలా తేలిపోతుంది. మంచి రకం కొనగలిగే దాకా ఆగడమే నయం. కొన్నప్పుడు ఒక శాతం చాలు, ఆ సబ్బుకు ధర వేరేగా పెట్టాలి.

సీసాలో కాదు, సబ్బులో వాసన చూడాలి

మూత తీసి వాసన చూసి కొనడం అత్తరుకు సరే, సబ్బుకు కాదు. ఏ కొత్త సువాసన అయినా ముందు రెండు సబ్బులకే వేసి చూడండి. ఒకటి స్నానాల గదిలో వాడుతూ ఉండండి, ఇంకోటి చుట్టి నాలుగు వారాలు పెట్టండి. తడిపినప్పుడు వాసన వస్తోందా, చేతి మీద కాసేపైనా నిలుస్తోందా, రంగు మారిందా చూడాలి. మోచేతి లోపలివైపు నురగ రాసి కడిగి, మరుసటి రోజు దాకా ఎర్రబడకుండా ఉంటేనే పక్కవాళ్లకు ఇవ్వాలి.

బేస్ సలసలా కాగుతున్నప్పుడు సువాసన వేస్తే సగం గాలిలో కలుస్తుంది. పొయ్యి దించి, 60 డిగ్రీల దగ్గరికి దిగాక వేసి, మెల్లగా కలిపి పోయాలి. నిజామాబాద్ ఎండలు 44, 45 డిగ్రీల దాకా పోతాయి. ఆ రోజుల్లో ఫజర్ తర్వాత చల్లటి వేళ చేసుకుంటే సువాసన, ప్రాణం రెండూ నిలుస్తాయి. సీసాలు రేకుల గదిలో, కిటికీ పక్కన పెట్టకూడదు. వానాకాలంలో గ్లిజరిన్ సబ్బుకు చెమట పడుతుంది, ఆ చెమటతో పైపై వాసన కూడా పోతుంది. గట్టిపడగానే పల్చటి ప్లాస్టిక్ పొరతో బిగించి చుట్టేయాలి.

కాస్టిక్ సోడాతో నూనెలను కలిపి సబ్బు చేసేవాళ్లకు ఇంకో మాట. చక్కెర వేస్తే నురగ పెరుగుతుంది. కిలో నూనెలకు రెండు చిన్న చెంచాలు, అదీ కాస్టిక్ వేయకముందే నీళ్లలో కరిగించాలి. బోధన్ వైపు బెల్లం వేద్దామనుకునేవాళ్లు సబ్బు ముదురు రంగుకు తిరుగుతుందని తెలుసుకోవాలి. చక్కెర సబ్బు వేడిని పెంచుతుంది. దానికి తోడు మల్లె, లవంగం లాంటి సువాసనలు పడితే గిన్నెలోనే గడ్డకట్టి అచ్చులోకి పోయడానికి కూడా రాదు. పామరోసా, నిమ్మగడ్డి ఆ ఇబ్బంది అంతగా పెట్టవు. కాస్టిక్‌ను నీళ్లలో వేయాలి గానీ కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు. అల్యూమినియం గిన్నె అసలు వాడకూడదు, పిల్లలను ఆ గదిలోకి రానివ్వకూడదు. కొత్తవాళ్లు గ్లిజరిన్ బేస్‌తోనే మొదలుపెట్టడం మంచిది.

హలాల్ అని రాసే ముందు

మన ఇళ్లలో కొనేవాళ్లు ముందు అడిగేది ఇదే. సువాసన కంటే ముందు బేస్ డబ్బా మీద చూడాలి. ‘సోడియం టాలోవేట్’ అని ఉంటే అది జంతువుల కొవ్వుతో చేసింది. ‘సోడియం పామేట్’, ‘సోడియం కోకోయేట్’ అంటే పామాయిల్, కొబ్బరి నూనె. సువాసనను దేనిలో పలచన చేశారో కూడా దుకాణదారుని అడగండి. సబ్బు రకాల్లో సాధారణంగా స్పిరిట్ వాడరు, అయినా అడిగి రాసుకుంటే జవాబు చెప్పడానికి ఉంటుంది. ఏది సరి, ఏది కాదు అన్న సందేహానికి ఆలిమ్‌ను అడగాలి, దుకాణదారుని మాట చాలదు.

ఇంటికి, బంధువులకు చేసుకోవడం ఒకటి, దుకాణంలో పెట్టి అమ్మడం ఇంకొకటి. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టంలో సబ్బుకు మొదట మినహాయింపు ఉండేది, 1982 సవరణతో అది పోయింది. 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం ఒంటి సబ్బు తయారు చేసి అమ్మాలంటే రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ అధికారుల లైసెన్సు కావాలి. ఒంటరిగా అంత భారం మోయలేనివాళ్లు సంఘంగా కలిసి తీసుకోవచ్చు, లేదా లైసెన్సున్న యూనిట్‌లో తమ రకం చేయించుకోవచ్చు. లేబులు మీద ‘గులాబ్ సువాసన’ అని రాయండి, ‘అసలు గులాబీ నూనె’ అని రాయకండి. మచ్చలు పోతాయి, తామర తగ్గుతుంది అన్న మాటలు రాస్తే అది మందు లెక్కలోకి పోయి చిక్కులు వస్తాయి. పెద్ద కంపెనీ పేరును, డబ్బాను పోలినట్టు చేయడం ఇంకా పెద్ద చిక్కు.

వాసన లేని సబ్బు

ఖర్చే లేని సువాసన ఒకటుంది, అసలు వేయకపోవడం. ఇహ్రామ్‌లో ఉన్నవాళ్లు సువాసన వాడరు కాబట్టి హజ్, ఉమ్రాకు వెళ్లేవాళ్లు వాసన లేని సబ్బు కోసం వెతుక్కుంటారు. చిన్న ఊళ్లలో అది అంత తేలికగా దొరకదు. 50 గ్రాముల చిన్న ముక్కలు చేసి, ‘సువాసన లేదు’ అని తెలుగులో, ఉర్దూలో రాసి పెడితే ప్రయాణం చేసే ప్రతి కుటుంబం నాలుగైదు కొంటుంది. పసిపిల్లలకు, సువాసన పడని చర్మం ఉన్నవాళ్లకు కూడా అదే సబ్బు ఇవ్వవచ్చు. దీనికి బేస్ కొనేటప్పుడే సువాసన కలపనిది అని చూసుకోవాలి. అచ్చులు కూడా వేరే పెట్టుకోవాలి. సిలికాన్ అచ్చు వాసనను పీల్చుకుంటుంది, నిన్న సందల్ పోసిన అచ్చులో ఈరోజు ఎంత కడిగి పోసినా ఆ సబ్బుకు సందల్ అంటుతుంది.